పేరు తప్పిపోయిన రేవు

చినగరువు లంకలో పొద్దున్న ఆరున్నర అయ్యిందంటే తలుపులమ్మ పిలుపులు మొదలవుతాయి. ముందు ఎండుచేపలు పట్టా మీద పరుచుకుని, కాకులు ముట్టకుండా పాత వలముక్క కప్పి, చేతులు కడుక్కుని రేవులో ఉన్న సిమెంటు బల్ల మీద కూచుంటుంది. కూచుని, తణుకులో ఉన్న కొడుకుని పేరు పెట్టి పిలిచి, బీపీ బిళ్ళ వేసుకున్నావా లేదా అని అడుగుతుంది. అరిచి కాదు, పక్కింటివాళ్ళని పలకరించినంత గొంతుతోనే. అక్కడ తణుకులో పంచదార ఫ్యాక్టరీ గేటు దగ్గర సైకిలుకి స్టాండు వేస్తున్న కొడుక్కి ఆ మాట భుజం వెనకనుంచి వినబడుతుంది. యాభై దాటిన ఆ మనిషి చచ్చినట్టు జేబులోంచి బిళ్ళ తీసి మింగుతాడు.

ఇందులో వింతేం లేదు, రోజూ జరిగేదే. తలుపులమ్మ ఎవర్ని పేరు పెట్టి పిలిస్తే వాళ్ళకి వినబడుతుంది, ఎంత దూరంలో ఉన్నా సరే. పక్కనున్నవాళ్ళకి మాత్రం పెద్దావిడ తనలో తను గొణుక్కుంటున్నట్టు ఉంటుంది, అంతే. మనుషులకే కాదు, పేరంటూ ఉంటే గొడ్డుకైనా వినబడుతుంది. ఒకసారి భీమరాజు గారి గేదె గౌరిని ఎవరో తోలుకుపోయి ఎక్కడో సంతలో అమ్మేశారు. తలుపులమ్మ రేవులో కూచుని, గౌరీ, ఇంటికి రావే అని పిలిచింది. మూడో రోజుకి తెగిన పలుపుతాడు మెళ్ళో వేసుకుని గౌరి గోదావరి ఈదుకుంటూ వచ్చేసింది. కొన్నవాడు ఎంత గట్టి ముడి వేశాడో ఆ తాడు చూస్తే తెలిసింది. భీమరాజు గారు గేదె వచ్చినందుకు సంతోషించారు గానీ, మూడు రోజుల పాలు పోయాయని తలుపులమ్మ దగ్గర సణిగారు. దానికి ఆవిడ ఏమందో ఇక్కడ రాయడం బాగోదు.

లంక అంటే గోదావరి పాయల నడుమ దీవి. చుట్టూ నీళ్ళు, లోపల అరటితోటలు, కొబ్బరిచెట్లు, నాలుగొందల గడప. బడికెళ్ళాలన్నా, ఆసుపత్రికెళ్ళాలన్నా, రావులపాలెం మార్కెట్టుకి అరటిగెలలు పంపాలన్నా పడవే దిక్కు. ఇంజను పడవలు ఐదున్నాయి. ఏ పడవ ఎప్పుడు ఏ గట్టున ఉంటుందో దేవుడికే తెలియాలి. అందుకని జనం రేవులోకి రాగానే తలుపులమ్మ ఐదుగురు పడవవాళ్ళనీ వరసగా పిలిచేది. దగ్గర్లో ఉన్నవాడెవడో ఒకడు వచ్చేవాడు. ఫోన్లు వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు. ఇంజను మోతలో ఫోను ఎవడికి వినబడుతుంది చెప్పండి? ఆవిడ పిలుపు మాత్రం ఎంత మోతలోనైనా వినబడుతుంది. అలా నలభై ఏళ్ళు పిలిచింది మహాతల్లి. ఒక్క పైసా పుచ్చుకోలేదు. తిట్లు మాత్రం ధారాళంగా పంచిపెట్టింది.

అలాంటిది ఒక ఏడు ఆవిడ గొంతు బొంగురుపోవడం మొదలెట్టింది. రాజమండ్రిలో డాక్టరుగారు లోపలికి లైటు వేసి చూసి, ఇకమీదట మాట తగ్గించుకోండి, ఎవర్నీ పిలవొద్దు, లేదంటే ఉన్నది కూడా పోతుందన్నారు. తలుపులమ్మ తిరిగొచ్చి పడవ దిగుతూనే తిన్నగా రమ్యశ్రీ దగ్గరికి వెళ్ళింది.

రమ్యశ్రీ పడవ త్రిమూర్తులు కూతురు. రోజూ నాన్న పడవలో ఏరు దాటి, బస్సెక్కి కాలేజీకి వెళ్ళి, కంప్యూటర్ డిగ్రీ చేసింది. రావులపాలెం బస్టాండు వెనక ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తుంది. ఆధార్లు, హాల్ టిక్కెట్లు, పాన్ కార్డులు, అందరి కాగితాలూ ఆమె వేళ్ళ మీదుగానే వెళ్ళాలి. తక్కువ మాట్లాడుతుంది, మొదలుపెట్టిన పని వదలదు.

"నా గొంతు పోయాక మీరంతా గట్టున నిలబడి ఎవర్ని పిలుస్తారే? నీ కంప్యూటర్లో ఏదన్నా ఉందేమో చూడు" అంది తలుపులమ్మ.

చూస్తాను మామ్మా అంది రమ్యశ్రీ. ఆ ఒక్క మాట కోసం ఆ పిల్ల ఆరు నెలలు నిద్ర మానుకుంది. పగలు సెంటర్లో పని, తర్వాత ఇంట్లో ఈ పని. ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. ఫోనులో తెరిస్తే నీలంగా గోదావరి, రెండు గట్లు, ఐదు పచ్చ చుక్కలు కనబడతాయి. ఒక్కో చుక్కా ఒక్కో పడవ. కింద ‘పడవ కావాలి’ అని పెద్ద బొత్తాం. అది నొక్కితే దగ్గర్లో ఉన్న పడవలో, ఇంజను పక్కన బిగించిన చిన్న డబ్బాలో ఎర్రలైటు వెలుగుతుంది. మోతలో చెవులు పనిచెయ్యకపోయినా కళ్ళు పనిచేస్తాయి కదా, అదీ ఆమె తెలివి. ఆ డబ్బాల్ని రాజమండ్రిలో తన క్లాస్‌మేట్ చేత చేయించి, తడి తగలకుండా లక్క పోసినట్టు మూసేయించింది. చదువుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, చదువుని తెచ్చి రేవులో పెట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఈ కథ చెబుతున్నవాడికి ఆ పిల్ల అంటే గౌరవం, దాచుకోవడం ఎందుకు.

సైటుకి ‘మనరేవు’ అని పేరు పెట్టారు. పెట్టారంటే మామూలుగా పెట్టలేదు. పడవల సంఘం ప్రెసిడెంటు భీమరాజు గారికి ప్రతిదీ పద్ధతిగా జరగాలి. పంతులుగారి చేత ముహూర్తం పెట్టించి, రేవులో చాప వేయించి, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో ఆ బియ్యంలో ‘మనరేవు డాట్ ఇన్’ అని రాశారు, పసిబిడ్డకి బారసాల చేసినట్టు. తలుపులమ్మ చేత మూడుసార్లు ఆ పేరు పలికించారు. తర్వాత పసుపు పెయింటుతో ఆ పేరు పడవల మీద, బడి గోడ మీద, ఆసుపత్రి గేటు పక్కన, అంబులెన్సు ఆగే చోట కల్వర్టు మీద రాయించారు. ముసలీముతకా కూడా మనవల చేత ఫోనులో ఆ పేరు కొట్టించి, వేలితో బొత్తాం నొక్కడం నేర్చుకున్నారు. తలుపులమ్మ గొంతుకి విశ్రాంతి దొరికింది. కొడుక్కి బీపీ బిళ్ళ గుర్తుచెయ్యడం మాత్రం మానలేదు.

మూడేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో ఏడు మార్గశిరంలో వచ్చిపడింది చిక్కు.

ఇలాంటి సైట్ల పేర్లు మనకి శాశ్వతంగా ఇవ్వరు. గడువు పెట్టి ఇస్తారు, గడువుకి రిన్యూవల్ చేయించుకోవాలి. అది రాబోతోందని రమ్యశ్రీకి మెయిల్ వచ్చింది. సంఘం పని కాబట్టి భీమరాజు గారికి చెప్పింది. ఆయన పంచాంగం తీసి, అడ్డంగా తల ఊపారు. శుక్ర మూఢం. ఎనభై రోజుల పైచిలుకు ఏ శుభకార్యమూ పనికిరాదు.

"ఇది శుభకార్యం కాదు బాబాయ్, రిన్యూవల్" అంది రమ్యశ్రీ.

"పేరు మళ్ళీ మన పేర రాయించుకోవడమేగా అమ్మడూ? బియ్యంలో రాసి పెట్టిన పేరది. మూఢంలో ముట్టుకుని దానికేదైనా అయితే ఎవరిది పూచీ? మూఢం వెళ్ళిపోనీ, మొదటి ముహూర్తానికే చేయిద్దాం."

పెద్దాయన మాట. పైగా గడువు దాటినా కొన్నాళ్ళు వెసులుబాటు ఇస్తారని ఆమె ఎక్కడో చదివింది. ఎన్నాళ్ళో సరిగ్గా చూడలేదు. గడువు దాటింది, సైటు మామూలుగానే పనిచేసింది. అదే కొంప ముంచింది. మెయిల్ వచ్చినప్పుడల్లా చూసి, మూఢం వెళ్ళాక అనుకుంటూ పక్కన పెట్టింది. తనకి తెలిసీ ఊరుకుంది, ఆ సంగతి తర్వాత ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

పుష్యమాసంలో ఒక పొద్దున్న బడి టీచరుగారు రేవులో ఫోను తీసి పేరు కొట్టారు. నీలం గోదావరి రాలేదు. రంగురంగుల పేకముక్కలు, గిర్రున తిరిగే చక్రం, బంగారు నాణాల వాన వచ్చాయి. రమ్యశ్రీ తన ఫోనులో కొట్టి చూసింది. అదే చక్రం. వెసులుబాటు నెలతో అయిపోయింది, ఎవరో ఎక్కడినుంచో ఆ పేరుని కొనేసుకున్నారు. మనరేవు ఉన్నది ఉన్నట్టే ఉంది, చుక్కలూ గట్లూ బొత్తాం ఎక్కడికీ పోలేదు. అక్కడికి వెళ్ళడానికి జనానికి తెలిసిన పేరు మాత్రం పరాయివాళ్ళ చేతిలో పడింది. పడవల్లో డబ్బాలు కూడా ఆ పేరు పట్టుకునే దారి వెతుక్కునేవి. ఐదు ఎర్రలైట్లూ ఒకేసారి చచ్చిపోయాయి, సైటులో చుక్కలకి పడవల జాడ అందడం ఆగిపోయింది.

కొత్త పేరు ఆ రోజే కొంది. కానీ గోడల మీద, పడవల మీద, జనం వేళ్ళలో ఉన్నది పాత పేరు. డబ్బాలు పగలగొట్టి మళ్ళీ చెయ్యాలంటే పదిహేను రోజులు పడుతుందన్నాడు క్లాస్‌మేట్. కొన్న కంపెనీకి మెయిల్ రాస్తే, లంకలో తోటలన్నీ అమ్మితే గానీ కుదరనంత రేటు చెబుతూ జవాబొచ్చింది. కింద సంతకం లేదు. పేరు దక్కించుకున్నవాళ్ళ వివరాలు బయటికి చెప్పరట.

ఈ సంగతంతా విని తలుపులమ్మ బల్ల మీద సర్దుకుని కూచుంది. "వాడి పేరేంటో చెప్పు, పిలిచి నాలుగు కడిగేస్తా."

"పేరు దాచేశారు మామ్మా."

"పేరు దాచుకుని బతికే మనుషులు కూడా ఉంటారటే?" అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. కోపం కన్నా జాలే ఎక్కువ కనబడింది ఆ మొహంలో.

తర్వాత ఏం జరుగుతుందో రమ్యశ్రీకి తెలుసు, ఆపలేకపోయింది. జనం రేవులోకి వస్తూనే ఉన్నారు, పడవలు కావాలి. తలుపులమ్మ మళ్ళీ పిలవడం మొదలెట్టింది. వద్దు మామ్మా అంటే, మరి ఆ పిల్లలు బడికి ఈదుకుంటూ వెళ్తారా అంది. ఐదుగురు పడవవాళ్ళు, పూటకి అయిదారుసార్లు. రెండో రోజుకి గొంతు జీరపోయింది. ఐదో రోజుకి కొడుకుని పిలవడం మానేసింది, దాచుకుంటోందని అందరికీ అర్థమైంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రమ్యశ్రీ ఆ బల్ల పక్కనుంచి తలొంచుకుని నడిచేది. ఏ గొంతుని కాపాడదామని ఆరు నెలలు కష్టపడిందో ఆ గొంతుని తన అశ్రద్ధే తినేస్తోందని ఏడుపొచ్చేది. భీమరాజు గారు రేవు వైపు రావడమే మానేశారు.

ఎనిమిదో రోజు సాయంత్రం తలుపులమ్మ ఆమెని దగ్గరికి రమ్మని సైగ చేసింది. గాలి మాత్రమే వస్తోంది నోట్లోంచి. "ఇంకొక్క పిలుపే ఉంది" అంది.

"ఒక్కటే అని ఎలా తెలుస్తుంది మామ్మా?"

"బియ్యం డబ్బా అడుగున చెయ్యి పెడితే నీకు తెలీదా?"

మర్నాడు పొద్దున్న మంచు పడింది. మంచంటే అలాంటిలాంటి మంచు కాదు. ఏడు గంటలైనా గట్టు మీద నిలబడితే నీళ్ళు కనబడలేదు. రమ్యశ్రీ పనికి వెళ్ళడానికి రేవులోకి వచ్చి నిలబడింది. తలుపులమ్మ బల్ల మీద దుప్పటి కప్పుకుని కూచుని ఉంది. ఇంతలో వెనక నుంచి అడుగుల చప్పుడు. నలుగురు మనుషులు నులకమంచం మోసుకొస్తున్నారు, మంచం మీద హారతి.

హారతి రమ్యశ్రీ ఇంటి వెనక వీధిలో పిల్ల, తొలిచూలు. భర్త సురేంద్ర రావులపాలెంలో అరటిగెలల లోడింగుకి తెల్లారకుండానే వెళ్ళిపోయాడు. బిడ్డ అడ్డం తిరిగి ఉందనీ, నొప్పులు మొదలైతే ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచొద్దనీ నర్సమ్మ ముందే చెప్పింది. నొప్పులు మొదలై గంటైంది, ఉమ్మనీరు పోయింది. అంబులెన్సు అవతలి గట్టుకి వచ్చేసిందని ఫోను కూడా వచ్చింది. ఇవతల పడవ లేదు.

హారతి అత్తగారు రత్తమ్మ అలవాటు కొద్దీ ఫోనులో పాత పేరు కొట్టింది. చక్రం గిర్రున తిరిగింది. ఆవిడ ఆ ఫోనుని అలాగే పట్టుకుని రమ్యశ్రీ వంక చూసింది.

రమ్యశ్రీ నాన్నకి ఫోను చేసింది. కలవడంలేదు. మిగతా నలుగురికీ చేసింది. రెండు మోగాయి, రెండు అందుబాటులో లేవు. మంచు విడిచేదాకా అవతల కట్టేసుకుని టీకి వెళ్ళారో, ఏటి మధ్యలో లంగరేసుకున్నారో, గెలల లోడుతో దిగువ లంకకి పోయారో. త్రిమూర్తులు అయితే ఇంజను బాగుచేయించడానికి ధవళేశ్వరం పోతానని రాత్రే అన్నాడు. పోయాడో లేదో తెలీదు.

మంచం మీద హారతి చీరకొంగు నోట్లో కుక్కుకుని మెలికలు తిరుగుతోంది. అందరూ తలుపులమ్మ వంక తిరిగారు. త్రిమూర్తుల్ని పిలవమన్నారొకరు, కాదు రెండో పడవవాణ్ణన్నారు ఇంకొకరు. తలుపులమ్మ రమ్యశ్రీ చెయ్యి పట్టుకుంది.

"ఎవర్ని పిలవను? ఒక్కటే ఉంది. మీ నాన్న ఎక్కడున్నాడో చెప్పు, పిలుస్తా."

రమ్యశ్రీ మంచులోకి చూసింది. ఐదుగురిలో దగ్గరున్నది ఎవరు? తప్పు మనిషిని పిలిస్తే ఆ పిలుపు ధవళేశ్వరంలోనో దిగువ లంకలోనో వృథాగా వినబడుతుంది, ఇక్కడ రెండు ప్రాణాలు. ఎవరెక్కడున్నారో ఐదుగురి సంగతీ తెలిసినది ఒక్కటే ఉండేది. దాన్నే పోగొట్టుకుంది తను. అలా అనుకోగానే ఆమెకి తెగిన పలుపుతాడుతో ఏరు ఈదుకొచ్చిన గౌరి గుర్తొచ్చింది.

"మామ్మా, మనుషుల్ని పిలవకు. పేరునే పిలువు. మనరేవుని పిలువు."

తలుపులమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "ఎవరో కట్టేసుకున్నారన్నావు. వస్తుందంటావా?"

"గౌరి రాలేదా? ఎవరు కట్టేసుకుంటే ఏంటి, నీ గొంతుకి పుట్టిందే కదా అది."

నలభై ఏళ్ళలో ఏ పిలుపుకీ బల్ల దిగని మనిషి, దుప్పటి తీసేసి లేచి నిలబడింది. నీళ్ళ అంచుదాకా నడిచింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, సంధ్యవేళ దూడని ఇంటికి పిలిచినట్టు పిలిచింది.

"మనరేవూ... ఇంటికి రావే."

ఎప్పుడూ ఎవర్ని పిలిస్తే వాళ్ళకే వినబడే ఆ పిలుపు ఆ రోజు గట్టు మీదున్న అందరికీ వినబడింది. అందరిదీ కదా ఆ పేరు. మంచంలో హారతికీ వినబడింది. అవతలి గట్టున అంబులెన్సు డ్రైవరు కూడా ఎవరో పిలిచినట్టుంటే తలుపు తీసుకుని దిగాడట. అంత చక్కని గొంతు తలుపులమ్మకి పదహారేళ్ళప్పుడు ఉండేదేమో, తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పిలుపు మంచులోకి వెళ్ళింది. తలుపులమ్మ నోరు మూసుకుంది.

రత్తమ్మ చేతిలో ఫోను మీద చక్రం ఆగిపోయింది. పేకముక్కలు పోయాయి. నీలంగా గోదావరి పరుచుకుంది, రెండు గట్లు, ఐదు పచ్చ చుక్కలు. రెండు చుక్కలు దిగువ లంక దగ్గర, ఒకటి ఎగువన, ఒకటి అవతలి రేవులో. ఇంకోటి ఇదిగో ఇక్కడే, ఏటి మధ్యలో, ఇసుక మేట పక్కన.

"నొక్కండి పిన్నీ" అంది రమ్యశ్రీ. రత్తమ్మ నొక్కింది.

ఇసుక మేట పక్కన లంగరేసుకుని, మంచు ఎప్పుడు విడుస్తుందా అని చుట్ట కాల్చుకుంటున్న త్రిమూర్తులు కాళ్ళ దగ్గర ఎర్రలైటు వెలిగింది. తొమ్మిది రోజులుగా చచ్చిపడున్న డబ్బా. చుట్ట నీళ్ళలో పడేసి ఇంజను తాడు లాగాడు. అడుగు దూరం కనబడని మంచులో ఎలా వచ్చావు నాన్నా అని తర్వాత అడిగితే, ఏమో అమ్మా, పడవే వచ్చింది, నేను చుక్కాని పట్టుకున్నానంతే అన్నాడు. పది నిమిషాల్లో హారతి ఏరు దాటింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్ చేసి బయటికొచ్చి, గోడ గడియారం వంక చూసి, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదంది. ఆ మాటకి రత్తమ్మ అక్కడే కింద కూచుండిపోయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

తలుపులమ్మకి ఆ తర్వాత మాట రాలేదు. గాలి కూడా రాలేదు. రమ్యశ్రీ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ ఆ తల మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో ఫోను చూపించింది. తెరవమని సైగ. పచ్చ చుక్కల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టుకుని, ఐదూ ఉన్నాయని తృప్తిగా తల ఊపింది.

పేరు మళ్ళీ వెనక్కి పోలేదు. కాగితాల మీద ఆ కంపెనీదే, కానీ ఎవరు ఎక్కడినుంచి కొట్టినా గోదావరే వచ్చేది. కంపెనీవాళ్ళు నాలుగు రోజులకి ఘాటుగా మెయిల్ రాశారు, మా పేజీలో మీ పడవలు కనబడుతున్నాయి, ఏం చేశారని. మేమేం చెయ్యలేదండి, పిలిచామంతే, కావాలంటే మీ పేరు చెప్పండి అని రమ్యశ్రీ వినయంగా జవాబిచ్చింది. మళ్ళీ రాయలేదు వాళ్ళు.

ఇరవై ఒకటో రోజున పాపకి బారసాల. పేరు లక్ష్మీదుర్గ. పీటల దగ్గర భీమరాజు గారు ఓ మూల నిలబడి, మూఢం ఇంకా ఉంది కదండీ, ఇప్పుడు పేరెలా పెడుతున్నారు అని పంతులుగారిని మెల్లిగా అడిగారు. దానికి పంతులుగారు బియ్యం సర్దుతూ, సమయానికి జరగాల్సినవాటికి మూఢం పట్టింపు లేదండి, నన్నడిగితే ఆ రోజే చెప్పేవాణ్ణి కదా అన్నారు. భీమరాజు గారు అందరి ముందూ వచ్చి తలుపులమ్మ కాళ్ళకి దండం పెట్టి, అడక్కపోవడం నా తప్పు అన్నారు. తెలిసీ ఊరుకోవడం నాది అంది రమ్యశ్రీ. తలుపులమ్మ ఇద్దర్నీ చూసి తిట్టబోయి, గొంతు లేదని గుర్తొచ్చి, చెరో మొట్టికాయ వేసింది. ఆ రోజునుంచి భీమరాజు గారింటి నుంచి ఆవిడకి రోజూ చెంబుడు పాలు వస్తున్నాయి.

దుర్గ పెరిగింది తలుపులమ్మ ఒళ్ళోనే. హారతి పనికి వెళ్తూ పిల్లని రేవులో బల్ల దగ్గర దించి వెళ్ళేది. ఆవిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఏటికేసి చూపిస్తూ రోజంతా పెదాలు కదిపేది. చప్పుడు ఉండేది కాదు. పిల్ల ఆ పెదాల వంకే రెప్ప వెయ్యకుండా చూసేది. ఏడాది నిండింది, నడిచింది, పళ్ళొచ్చాయి. మాట మాత్రం రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. హారతికి బెంగ పట్టుకుంది. కన్నీళ్ళు పెట్టుకుంటే రమ్యశ్రీ ధైర్యం చెప్పేది గానీ, లోపల ఆమెకీ భయంగానే ఉండేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం సెంటర్లో రమ్యశ్రీ ఎవరిదో పాన్ కార్డు అప్లికేషన్ కొడుతోంది. భుజం వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు.

"లమ్యా."

తిరిగి చూసింది. గోడ, గోడ మీద క్యాలెండరు. ముందు కూచున్న పెద్దాయన తల కూడా ఎత్తలేదు, ఆయనకేం వినబడలేదు. నాలుగు పాలపళ్ళ పసిగొంతు, అయినా ఆ పిలిచే తీరు ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఊరికే పిలవరు ఆ తీరున, పని ఉంటేనే పిలుస్తారు. ఏంటా పని అని ఒక్క క్షణం ఆలోచించి, కంప్యూటర్లో ఇంకో కిటికీ తెరిచి పాత పేరు వెతికింది.

కంపెనీవాళ్ళు రిన్యూవల్ చేయించుకోలేదు. వెసులుబాటూ అయిపోయింది. మనరేవు ఆ నిమిషాన్నే ఎవరిదీ కాకుండా పడి ఉంది, ఎవరు ముందు చెయ్యి వేస్తే వాళ్ళదిగా.

ఆమె గబగబా వివరాలు కొట్టడం మొదలెట్టింది. సెంటరు ఓనరు వెనకనుంచి తొంగిచూసి, గడియారం వంక చూశాడు. మూడు దాటి అయిదు నిమిషాలు.

"మంగళవారం, రాహుకాలమమ్మా. నాలుగున్నర దాటాక కట్టకూడదా?"

"లేదండి" అంది రమ్యశ్రీ. పదేళ్ళకి కట్టేసింది.

పేరు మీదేనని మెయిల్ వచ్చేసరికి ఫోను మోగింది. హారతి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడంలేదు.

"అక్కా, పిల్ల మాట్లాడిందక్కా. మామ్మ ఒళ్ళో కూచుని ఏటికేసి చూసి పిలిచింది. అమ్మా అనలేదు, నాన్నా అనలేదు, నీ పేరు పిలిచింది. గట్టిగా కూడా కాదు, గొణిగినట్టు. మామ్మ ఒకటే ఏడుపు. నీకు చెప్పాలని..."

"తెలుసే" అంది రమ్యశ్రీ కళ్ళు తుడుచుకుంటూ. "వినబడింది."